ఎదురొచ్చిన మనిషి

మిర్యాలగూడలో మేమున్న వీధిలో చాలామంది మా అమ్మను భర్త పోయిన మనిషి అనుకునేవారు. మా నాన్న నిక్షేపంగా బతికే ఉన్నాడు. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన పని. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం కనుబొమ్మల నిండా తెల్లటి దుమ్ముతో బస్సు దిగేవాడు. ఆదివారం మాతో చర్చికి వచ్చి, సోమవారం మొదటి బస్సుకు వెళ్లిపోయేవాడు. వీధివాళ్లకు ఆయన కనబడింది తక్కువ. అమ్మ మాత్రం రోజూ కనబడేది. దవాఖానలో నర్సు కాబట్టి తెల్లచీర. మా సంఘంలో నగలు పెట్టుకోరు కాబట్టి మెడ బోసి. చేతికి గాజుల బదులు గడియారం. నుదుట బొట్టు లేదు. ఇక అనుకోక ఏం చేస్తారు?

అమ్మ పుట్టి పెరిగింది సూర్యాపేటలో. అక్కడ మా తాత కుటుంబం సంగతి అందరికీ తెలుసు కాబట్టి అడిగినవాళ్లు లేరు. పెళ్లయ్యాక మొదటి ఉద్యోగం కోదాడలో వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ మొదటిరోజే అమ్మ చేయి పట్టుకుని, "మీవారు పోయి ఎన్నాళ్లయిందమ్మా? బొత్తిగా చిన్న వయసు కదా" అని కళ్లు తుడుచుకుందట. వెనక మంచం మోసుకొస్తున్న నాన్న, "ఆ పోయినోణ్ని నేనేనమ్మా, జర పక్కకు జరుగుండ్రి, బరువున్నది" అన్నాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు.

నాకూ నవ్వు రాదు. అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మిర్యాలగూడ వచ్చింది ఎనభైలు ముగుస్తున్న రోజుల్లో. మేం కిరాయికి దిగిన ఇల్లు ఒక బియ్యం వ్యాపారిది. ముందు వైపు ఆయన కుటుంబం, పక్కన మా గదులు, మధ్యన పెద్ద వాకిలి, వాకిట్లో ఆయన లారీలు. ఆయనకొక చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త చనిపోతే చంటిపిల్లతో అన్న ఇంటికి చేరింది. ఆ ఇంటి వంటంతా ఆమెదే. మా అమ్మా ఆమే ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు, నాకు ఆమె అత్తమ్మ. మేం వెళ్లేటప్పటికి ఆమె కూతురు పెళ్లీడుకొచ్చింది, సంబంధాలు చూస్తున్నారు. పోయేలోపు బిడ్డ పెళ్లి ఒక్కటి కళ్లారా చూస్తే చాలని అత్తమ్మ అనేది. అనేసి, మళ్లీ తనే, "నన్నెవరు చూడనిస్తరు" అని పొయ్యి వైపు తిరిగేది.

పొద్దున లారీలు గేటు దాటేదాకా అత్తమ్మ వాకిట్లోకి రాదు. వంటింటి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి, "పోయినయా?" అని నన్ను అడిగేది. పోయినయని నేను తలాడిస్తే బిందె పట్టుకుని బయటకొచ్చేది. ఎవరూ ఆమెను కట్టేయలేదు. ఎవరూ రావద్దని గట్టిగా అనను కూడా లేదు. తనంతట తానే ఆగేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు డ్రైవరు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగుకు దండం పెట్టుకుని బండి స్టార్టు చేశాడు. సరిగ్గా అప్పుడే అమ్మ పొద్దుటి డ్యూటీకి బయలుదేరి లారీ ముందు నుంచి గేటు వైపు నడిచింది. అతను ఇంజను ఆపేశాడు. దిగి, చెంబెడు నీళ్లు తాగి, గోడ పక్కన కూలబడి, "పొద్దుగాల పొద్దుగాల ముండమోపి ఎదురొచ్చె" అని పక్కకు ఉమ్మేశాడు.

నేను తొమ్మిదో తరగతి. జడ సగం వేసుకుని గడపలో ఉన్నాను. ఊరుకుంటానా?

"మా నాయన బతికే ఉన్నడు! నోరు జర దగ్గర పెట్టుకో" అని వీధంతా వినబడేలా అరిచాను.

అమ్మ గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగొచ్చింది. డ్రైవరును కాదు, నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"ఏమన్నవే?"

"నాయన ఉన్నడని చెప్పిన. అబద్ధమా?"

"అబద్ధం గాదు. గానీ ఎందుకు చెప్పినవ్? నాయన ఉన్నడు గాబట్టి మా అమ్మను తిట్టొద్దు అన్నట్టా? అంటే లేనోళ్లను తిట్టొచ్చా?" అని, గొంతు తగ్గించి కిటికీ అవతలికి చూపించింది. ఎదురుగా వంటింటి కిటికీ దగ్గర ఉన్న మనిషి చప్పున పక్కకు తప్పుకుంది. "గా మాట ఇన్నది ఆమె. డ్రైవర్ తిట్టింది నన్ను. నువ్వు తిట్టింది ఆమెను. ఇంకోసారి నాయన ఉన్నడు, లేడు అన్న మాట నీ నోట్లకెల్లి రావొద్దు. నన్ను ఏమన్న అనుకోనీ."

నాకు ఏడుపొచ్చింది. తిట్టినవాడు బయట దర్జాగా బీడీ కాలుస్తుంటే తిట్లు నాకా అనిపించింది. కానీ ఆ రోజు నుంచీ అమ్మ ఒక్కసారి కూడా ఎవరితోనూ, నా భర్త ఉన్నాడని అనలేదు. ఆ ఒక్క ముక్క చెబితే గొడవంతా అయిపోతుంది. అందుకే చెప్పలేదు. మెత్తని మనిషని ఊరంతా అనుకునే మా అమ్మంత మొండిమనిషిని నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం ఇంటాయన మర్యాదగానే వచ్చాడు. "సిస్టరమ్మా, నాకేం పట్టింపు లేదు. డ్రైవర్లు ఇనరు. లారీలు పోయినంక పో, లేదంటే ఎనక సందుల నుంచి పో."

"నా డ్యూటీ టైముకు నేను పోవాలె గదన్నా. గేటు ముందట్నే ఉన్నది, ముందట్నుంచే పోత" అంది అమ్మ.

ఆయన భార్య మనసు మంచిదే. మర్నాడు స్టిక్కర్ బొట్ల ప్యాకెట్ ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "ఒక్కటి అతికించుకుంటే అయిపాయె. దవాఖానకు పోయినంక పీకెయ్. మీ దేవునికి కోపమొస్తే నా పేరు చెప్పు" అంది. అమ్మ ఆ మాటకు నిజంగానే నవ్వింది. "పెట్టుకున్నోళ్లు తక్కువని నేననను వదినె. మా అక్క పెట్టుకుంటది, ఆమె భక్తి నాకన్న ఎక్కువ. గానీ తిట్టు తప్పించుకునేతందుకైతే నేను పెట్టుకోను" అని ప్యాకెట్ తిరిగి ఇచ్చేసింది.

ఇంకో సంగతి చెప్పాలి. అమ్మ రోజూ పొద్దున్నే గోనెపట్టా మీద మోకరించి ప్రార్థన చేసేది. ఆ గొడవయ్యాక ఆ ప్రార్థనలో లారీ చేరింది. ప్రభువా, ఆ బండి క్షేమంగా పోయి క్షేమంగా రావాలె, ఆ డ్రైవర్‌కు ఏ ఆపదా రావద్దు అని బతిమాలేది. శత్రువు కోసం ప్రార్థించడం అంటే ఇదేనేమోనని నేను మొదట తెగ గౌరవించాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అతని మీద ప్రేమతోని చేస్తున్నవా, లేకుంటే లారీకి ఏమన్న అయితే నీ మీదకొస్తదనా?"

"రెండూ" అంది అమ్మ, పట్టా దులిపి మడతపెడుతూ.

మా చర్చివాళ్లు అమ్మను తెగ మెచ్చుకున్నారు. లోకానికి లొంగని సహోదరి అని ప్రసంగంలో కూడా చెప్పారు. అమ్మకు అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో కొద్దిరోజులకే సంఘంలో జరిగిన ఒక పెళ్లిలో తెలిసింది. పెళ్లికూతురికి నలుగు పెడుతున్నారు. భర్తలున్న ఆడవాళ్లందరినీ పేరుపేరునా పిలిచారు. సంఘంలో అందరికంటే పెద్దదీ, ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ప్రార్థనలు నేర్పినదీ అయిన ఒక ముసలమ్మ గోడవారగా కూర్చునే ఉంది. ఆమెకు భర్త లేడు. అమ్మ లేచి ఆ ముసలమ్మ చేయి పట్టుకుని పీట దగ్గరకు తీసుకొచ్చింది. పాస్టరమ్మ చిన్నగా, "అట్ల బాగుండదేమో సిస్టర్, పిల్ల తరఫోళ్లకు సెంటిమెంటు ఉంటది" అంది.

"మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఒక నమ్మకం, లేచినంక ఇంకో నమ్మకమా అమ్మా?" అంది అమ్మ. అంతే. పాస్టరమ్మ పక్కకు జరిగింది. ముసలమ్మ పిల్ల చెంపలకు పసుపు రాసింది. ఆ తర్వాత మాకు సంఘంలో పెళ్లి పిలుపులు తగ్గాయి. నాకైతే అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అత్తమ్మకు మధుమేహం ఉందని అనుమానం వచ్చింది. పరగడుపున రక్తపరీక్ష చేయించాలి. అంటే పొద్దున్నే బయటకు వెళ్లాలి, లారీలు కదిలే వేళకే. "నాతోని రా వదినె, గేట్లకెల్లి పోదాం" అంది అమ్మ. అత్తమ్మ తల అడ్డంగా ఊపి వెనక సందు వైపు నడిచింది. ఆ సందులో మురికికాలువ, పందులు, విరిగిన సీసాలు. అమ్మ ఆగి చూసింది. ఆగి, తెల్లచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఆమె వెనకే ఆ సందులోకి దిగింది. దవాఖానలో అత్తమ్మ, "నా ఎంబడి మురికిల నడుస్తివి" అని బాధపడితే, "నువ్వు నా తొవ్వకు రాకపోతివి, నేనే నీ తొవ్వకొచ్చిన" అందట.

ఇంతలో అత్తమ్మ కూతురికి గరిడేపల్లి సంబంధం కుదిరింది. పెళ్లి ఇంటి వాకిట్లోనే. పీటల మీద మేనమామ, ఆయన భార్య కూర్చుంటారు. అత్తమ్మ సరుకుల గదిలో ఉండాలి, కారు గేటు దాటి వెళ్లిపోయాకే బయటకు రావాలి. ఇదంతా ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

పెళ్లికి ముందురోజు ఆ పిల్ల పసుపు మొహంతో మా గదిలోకి జొరబడింది. ఆమెకు మా అమ్మ అత్తమ్మ. "అత్తమ్మా, పీటల మీద మామను కూసోనీ, నాకేం లేదు. గానీ పోయేటప్పుడు మా అమ్మ మొఖం చూడకుండ కారెక్కాల్నా?" అని మా అమ్మ ఒళ్లో పడి ఏడ్చింది. అమ్మ ఆమె వీపు నిమిరింది కానీ మాట ఇవ్వలేదు.

పెళ్లిరోజు, తలంబ్రాలు అయిపోయాక, అమ్మ సరుకుల గదిలోకి వెళ్లింది. నేనూ తోక పట్టుకుని వెళ్లాను. బియ్యం బస్తాల మధ్య అత్తమ్మ కొత్తచీర కట్టుకుని కూర్చుని ఉంది. కొత్తచీర ఎందుకు కట్టుకుందో, ఎవరు చూస్తారని కట్టుకుందో!

"లే వదినె. నీ బిడ్డ పోతున్నది."

"వద్దు. నువ్వు నమ్మవు, నీకేం. నేను నమ్ముత. నేను ఎదురుపోతే నా బిడ్డకు ఏమన్న అయితే? తర్వాత నేను బతుకుతనా?"

ఇప్పుడు అమ్మ బోధ మొదలుపెడుతుంది అనుకున్నాను. అవన్నీ వట్టి భ్రమలని, మా దేవుణ్ని నమ్మమని అంటుందని ఎదురుచూశాను. అమ్మ వెళ్లి ఆమె పక్కన బస్తా మీద కూర్చుంది.

"సరె. నువ్వు నమ్ముతున్నవ్ గాబట్టి నీ నమ్మకం పకారమే చేద్దాం" అంది చివరికి. "ఎదురు నేనొస్త. ముందట నన్నే చూస్తరు. కీడు ఉంటే నా మీదకొస్తది, తిట్లుంటే నాకొస్తయి. నా ఎనకాల నువ్వు రా. నీ బిడ్డ నిన్ను చూస్తది."

"నీ మొగుడు సల్లగున్నడు గద. నువ్వు ముత్తయిదువవే. నువ్వు ఎదురొస్తే కీడెట్లయితది?"

"ఆ సంగతి ఈ ఇంటోళ్లకే ఎరుక. పెండ్లికొచ్చినోళ్లు నన్ను అట్ల చూస్తలేరు గద!"

అత్తమ్మ ఏడుస్తూనే ఫక్కుమని నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, అమ్మ క్రిస్మస్ పట్టుచీర పెట్టెలో పెట్టి పెళ్లికి డ్యూటీ తెల్లచీర ఎందుకు కట్టుకుందో. నాన్న కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "నేను రావాల్నా, వద్దా?" అని పొద్దున అడిగితే, "నువ్వు కనబడితే పని చెడుతది, లోపలనే ఉండు" అంది అమ్మ. పాపం ఆయన పెళ్లిభోజనం కూడా మానుకుని గదిలో రేడియో పెట్టుకుని కూర్చున్నాడు.

పూలదండల కారు కదలబోతుంటే అమ్మ గేటుకు అడ్డంగా వెళ్లి నిలబడింది. భజంత్రీలు ఆగిపోయాయి. పెళ్లికొడుకు తరఫు పెద్దావిడ ఒకామె మొహం తిప్పుకుంది. "జరుగమ్మా! ఏందిది, పెండ్లి కారుకు ఎదురు!" అని ఎవరో కేకేశారు. ఇంటాయన పరుగెత్తుకొచ్చాడు. అమ్మ చేతులు జోడించి అక్కడే నిలబడింది. ఆమె వెనక నుంచి అత్తమ్మ తల బయటపెట్టింది. పిల్ల చూసింది. కారు తలుపు తోసుకుని దిగి, దండ తెగిపోతున్నా పట్టించుకోకుండా వచ్చి తల్లిని వాటేసుకుంది. అత్తమ్మ రెండు చేతులతో ఆ మొహాన్ని తడిమి తడిమి చూసుకుంది. అందరి కళ్లూ మాత్రం అమ్మ మీదే ఉన్నాయి. తిట్లన్నీ అమ్మకే వచ్చాయి.

నెల తిరిగేలోపు ఇల్లు ఖాళీ చేయమన్నారు. రైలుపట్టాల అవతల ఒక రేకులింటికి మారాం. ఎండాకాలం ఆ ఇంట్లో ఉండలేక చచ్చేవాళ్లం. అనుకున్నదే జరిగింది కాబట్టి అమ్మ దేనికీ గొణగలేదు. నేను మాత్రం అందరి వంతూ కలిపి గొణిగాను.

మరుసటి ఏడు అత్తమ్మ కూతురు నెల తప్పింది, కడుపు నిలవలేదు. ప్రాణం మీదకు వస్తే అమ్మ పనిచేసే వార్డులోనే చేర్చారు. నేను అమ్మకు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లేసరికి ఇంటాయన భార్య, పిల్ల అత్తగారు అందరి ముందూ అమ్మను నిలదీస్తున్నారు. "నీ మూలంగనే! తెల్లచీరతోని పెండ్లి కారుకు ఎదురొచ్చి మా పిల్ల కడుపు కొట్టినవ్" అని ఇంటాయన భార్య గుండెలు బాదుకుంటోంది. స్టిక్కర్ బొట్లు తెచ్చిచ్చిన ఆ మంచి మనిషే.

"అవు. ఎదురొచ్చింది నేనే" అంది అమ్మ.

తర్వాత పిల్ల మంచం దగ్గరకు వెళ్లి, చెవి దగ్గర వంగి, "ఇది ఎవ్వరి మూలంగ కాలేదు బిడ్డా. నీ తప్పు గాదు, ఎవరి తప్పూ గాదు. కొన్ని నిలబడవు" అని చెప్పింది. అదే మాట వాళ్లకు ఎందుకు చెప్పవని వరండాలో నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఇదేం భక్తి, చేయని తప్పు ఒప్పుకోవడమా అని నిలదీశాను.

"చెప్పినా ఇంటరా ఇయ్యాల? నేను కాదంటే వాళ్లు ఇంకొకర్ని ఎతుకుతరు" అంది అమ్మ. "గా ఇంకొకరు ఎవరో నీకు తెల్వదా?"

మర్నాడు పొద్దున నేను మళ్లీ డబ్బా పట్టుకుని వెళ్లాను. వార్డులో వాళ్లిద్దరూ మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు. అమ్మ ట్రే పట్టుకుని మందులిస్తోంది. అప్పుడొచ్చింది అత్తమ్మ. చెప్పుల్లేవు. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. పొద్దున లారీలు కదులుతుండగానే గేటులోంచి నడిచి వచ్చిందని తర్వాత తెలిసింది. సూటిగా తన అన్న భార్య ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆమెనెందుకు అంటున్నరు? ఎదురొచ్చింది నేను. ఆమె ఎనక దాక్కొని వచ్చిన. నా బిడ్డ పోతుంటే చూడాలనిపించింది, చూసిన. పాపమైతే నాకు తగలనీ."

 అమ్మ చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. అన్ని తిట్లకూ తడుముకోకుండా నిలబడ్డ మనిషికి ఆ రోజు కళ్లు నిండిపోయాయి. "ఎందుకు చెప్పినవ్ వదినె? నువ్వు నమ్ముతవు గద" అంది.

"ఇప్పుడు గుడ నమ్ముత. భయంతోనే వచ్చిన, కాళ్లు చూడు ఎట్ల వణుకుతున్నయో. గానీ నా బిడ్డ నన్ను యాది చేసుకొని ఏడుస్తుందట. ఇంట్ల ఎట్ల కూసుంట?"

అని మంచం ఎక్కి కూర్చుని, కూతురి తల ఒళ్లోకి తీసుకుంది. పిల్ల తల్లి నడుము చుట్టూ చేతులు వేసి కళ్లు మూసుకుంది. అంతలో డాక్టరు గారు రౌండుకు వస్తున్నారని, బయటివాళ్లంతా వెళ్లాలని వార్డుబాయ్ కేకలు వేస్తూ వచ్చాడు. పిల్ల అత్తగారు లేచింది. ఇంటాయన భార్య కూడా సంచీ సర్దుకుంది. అతను మంచం మీద కూర్చున్న అత్తమ్మ బోసి నుదురు చూసి, "నువ్వు గుడ లెవ్వమ్మా, అయినోళ్లు ఒక్కరే ఉండాలె" అన్నాడు.

"ఆమె తల్లి" అంది మా అమ్మ. "ఆమెనే ఉంటది."